మచ్చికైన బాతుకు భయం ఉండదు, ఆ భయం మనకుండాలె



వడ్ల ధర గురించి, యూరియా లైన్ల గురించి రోజూ మాట్లాడుకుంటనే ఉన్నం. ఇయ్యాల బాతుల గురించి రాస్తున్న. నవ్వకండి, చివరిదాకా చదవండి. ఇందులో మన పొలం ముచ్చట కూడా ఉన్నది.

"పోరగాళ్లు బాతులు కావాలని పట్టుబట్టిండ్రు, మనిషికి తొందరగ మచ్చికయ్యే జాతి ఏదో చెప్పు" అని చానామంది అడుగుతున్నరు. గుడ్ల కోసం కాదు, కూర కోసం కాదు, ఇంటి ముందట తిరగాలె, పిలిస్తే రావాలె, చేతిల తినాలె. మంచి ముచ్చటే. కానీ నా అభిప్రాయం సూటిగ చెప్తున్న. జాతి రెండో మాట. మచ్చిక చేసుకున్నంక దాన్ని కాపాడే తీరు మీ ఇంట్ల, మీ పొలంల ఉన్నదా లేదా అన్నది మొదటి మాట.

ఎందుకంటే బాతుకు ఉన్న అసలు కాపలా దాని భయమే. కొత్త మనిషి కనపడితే ఉరుకుతది, కుక్క వస్తే నీళ్లల్లకు దిగుతది. మచ్చిక చేసుడంటే ఆ భయాన్ని మనం చేతులార తీసేసుడు. తీసేసినోళ్లమే ఆ కాపలా కూడా కాయాలె. అది కాయలేనోళ్లు బాతులు తేకుండుడే మంచిది.

ముందుగాల జాతుల ముచ్చట చెప్తా. మన దగ్గర ఎక్కువ దొరికేది ఖాకీ క్యాంబెల్. ఇంగ్లాండ్‌లో క్యాంబెల్ అనే ఆమె 1900 సంవత్సరం అటు ఇటుగా తయారు చేసిన జాతి ఇది. మంచి మేపు ఉంటే ఏడాదికి 300 దాకా గుడ్లు పెడతది. గుడ్లకు దీన్ని మించింది లేదు గానీ, కొంచెం బెదురు జాతి. నిటారుగా నిలబడి గుంపుగా ఉరికే ఇండియన్ రన్నర్ దానికంటే ఎక్కువ బెదురుతది. తెల్లగ బరువుగ ఉండే పెకిన్ నెమ్మదైన జాతి, పిల్లలున్న ఇంటికి నప్పుతది. కాకపోతే ఒళ్లు బరువు, కాళ్లు అంత గట్టివి కావు, ఎండకు తొందరగ డస్సిపోతది. మొఖం మీద ఎర్రటి కండ ఉండే మస్కోవీ అరుపు తక్కువ, బుస్సుమంటది అంతే. పక్కింటోళ్లతోని పంచాయితీ రావద్దనుకునేటోళ్లకు అది మంచిది. కానీ అది ఎగురుతది, గోర్లు వాడి.

ఖాకీ క్యాంబెల్, పెకిన్ పిల్లలు బెంగళూరు పక్కన హెసరఘట్టలో ఉన్న కేంద్ర ప్రభుత్వ కేంద్రంల పెంచుతరు. అంత దూరం పోలేనోళ్లు మండల పశువుల దవాఖానలో గానీ, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ అడిగితే, దగ్గరల ఎక్కడ దొరుకుతయో తెలుస్తది.

ఇంకో ముచ్చట. కోతలైనంక కోస్తా దిక్కు నుంచి వేల బాతుల మందలు తోలుకొస్తరు గదా, వాళ్ల దగ్గర పెద్ద బాతులు అగ్గువకు దొరుకుతయని కొంతమంది కొంటరు. గుడ్లకైతే కొనండి. మచ్చికకు మాత్రం వద్దు. అవి పుట్టినకాన్నుంచి వందల గుంపుల బతికినయి, వాటికి మనిషంటే కర్ర. వాటిని ఇద్దర్ని పట్టుకొచ్చి దొడ్ల కట్టేస్తే అవి మీ మీద కోపం చేయవు, బెంగ పెట్టుకుంటయి. ఇంక చెరువు కాడ గడ్డిల దొరికే అడవి బాతుల పిల్లల జోలికి అసలే పోవద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద వాటిని పట్టుడు నేరం, పైగా అవి చేతిల బతుకవు.

మచ్చిక అన్నది జాతిల కంటే మొదటి రోజుల్లనే ఎక్కువ ఉంటది. ఆస్ట్రియా దేశపు కొన్రాడ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త అడవి హంసబాతు పిల్లలతోని ఇది నిరూపించిండు. గుడ్డు పగిలి బయటికొచ్చినంక మొదట ఏది కదులుతూ కనపడితే దాన్నే తల్లి అనుకొని అవి వెంట పోతయి. ఆ పిల్లలు ఆయన వెంటనే నడిచినయి, ఆయనతోని చెరువుల ఈదినయి. ఆయనకు 1973ల నోబెల్ బహుమతి వచ్చింది. మన ముసలోళ్లకు ఇది నోబెల్ లేకుండనే తెలుసు. బాతు గుడ్లు కోడి కింద పొదిగేస్తుండ్రి. కోడి గుడ్డుకు 21 రోజులు, బాతు గుడ్డుకు 28 రోజులు, ఇంకో వారం ఓపిక పట్టి కూసునే కోడిని చూసి పెడుతుండ్రి. పిల్లలు లేచినంక నీళ్లల్ల దుంకితే, ఆ కోడి గట్టు మీద అటు ఇటు ఉరుక్కుంట మొత్తుకునేది. పిల్లలకు మాత్రం అదే తల్లి.

అందుకని మచ్చిక కావాలంటే రెండు మూడు రోజుల పిల్లలనే తెచ్చుకోండి, వారం దాటితే కష్టం ఎక్కువ. ఏరేటప్పుడు తొందరపడకండి. గంప పక్కన ఐదు నిమిషాలు ఊకె కూసోండి. కండ్లు మెరవాలె, బొడ్డు మానిపోయి ఆరి ఉండాలె, వెనుక రెట్ట అంటుకొని ఉండొద్దు, రెండు కాళ్ల మీద సరిగ్గ నిలబడాలె. గుంపుకు దూరంగ ఒక్కతే నిలబడి కీచుకీచుమనేది సలికి గానీ రోగానికి గానీ చిక్కింది. పాపం అని దాన్ని తెచ్చుకుంటే, మూడో రోజు మీ పిల్లలు ఏడుస్తరు. చెయ్యి కింద పెడితే బెదిరి మూలకు పోయి, మళ్ల తనంతట తనే తిరిగొచ్చి ముక్కుతోని తడిమి చూసే పిల్ల ఉంటది. అదే మీ పిల్ల. జాతరలల్ల రంగులు అద్ది అమ్మే పిల్లలను, అవి కోడివైనా బాతువైనా, కొనకండి. మనం కొంటున్నమనే వాళ్లు రంగు అద్దుతున్నరు.

ఒక్క పిల్లను ఎప్పుడూ తేవద్దు. ఒక్కదాన్నే పెంచితే మనిషికి ఎక్కువ మచ్చికైతదని చెప్తరు, నిజమే, అయితది. కానీ మీరు పొలం పోతరు, పోరగాళ్లు బడికి పోతరు, అది పొద్దంత మొత్తుకుంటది. మూడు తెచ్చుకోండి. ఆరు వారాలు దాటినంక గొంతు చెప్తది. గట్టిగ క్వాక్ క్వాక్ అనేది ఆడది, బొంగురుగ గొణిగేది మగది. ఇంక కొన్నాళ్లకు మగదాని తోక మీద ఒక ఈక పైకి మెలి తిరుగుతది. ఒక ఆడదానికి రెండు మగవి ఉంచితే దాని మెడ, వీపు పుండ్లు చేస్తయి. ఐదారు ఆడవాటికి ఒక్క మగది చాలు. అసలు మగది లేకున్నా గుడ్లు పెడతయి, పిల్లలు మాత్రం కావు.

మొదటి మూడు వారాలల్ల చేసే పొరపాట్లతోనే సగం పిల్లలు పోతయి. బాతు పిల్ల కదా అని తెచ్చిన రోజే గోలెంల వేస్తరు. తల్లి కింద ఉన్న పిల్లకు తల్లి ఈకల నూనె అంటుతది. మనం తెచ్చిన పిల్లకు అది ఉండదు, తడిసి సలికి సస్తది. మూడు నాలుగు వారాలు అయ్యేదాకా లోతు నీళ్లు వద్దు. తాగే నీళ్లు మాత్రం ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు ఉండాలె, లేకపోతే కండ్లు, ముక్కు మూసుకపోతయి. వెచ్చదనానికి ఒక బల్బు చాలు. బల్బు కిందికి కుప్పపడితే సలి, దూరం పోయి నోరు తెరిస్తే వేడి. వాటిని చూసే బల్బు ఎత్తు తగ్గించుడు, పెంచుడు చేయండి. మన ఎండకాలంల పగలు బల్బే వద్దు, నీడ, సల్లటి నీళ్లు కావాలె.

దాణా ముచ్చటకొస్తే, కోడిపిల్లల దాణానే వేస్తరు. కోడిపిల్ల కంటే బాతు పిల్లకు నియాసిన్ అనే విటమిన్ ఎక్కువ కావాలె. అది తక్కువైతే కాళ్లు వంకర పోతయి, కుంటుతయి. మనకు ఖర్చు లేని మందు ఇంట్లనే ఉన్నది. అదే తవుడు. కొత్త తవుడు కొంచెం దాణాల కలిపి, నీళ్లతోని తడిపి పెట్టండి. పొడి దాణా బాతుకు గొంతుల పడుతది. అజొల్లా తొట్టి ఉన్నోళ్లకు ఇంకా సులువు, బాతు దాన్ని మిఠాయి లెక్క తింటది.

ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి. బూజు పట్టిన మక్కలు, పాత పల్లిచెక్క బాతుకు విషం. 1960లో ఇంగ్లాండ్‌లో లక్షకు పైగ టర్కీ కోళ్లు ఒక్కసారిగ సచ్చినయి. ఏ రోగమో తెల్వక తలలు పట్టుకున్నరు. చివరికి తేలింది ఏందంటే, దాణాల కలిపిన పల్లిచెక్కకు పట్టిన బూజు విషం. అఫ్లాటాక్సిన్ అనే పేరు అట్లనే వచ్చింది. ఆ విషానికి అన్నిటికంటే తొందరగ పడిపోయేది బాతు పిల్ల. ఎంత తొందరగ అంటే, దాణాల విషం ఉన్నదా లేదా అని పరీక్ష చేసేటందుకు శాస్త్రవేత్తలు బాతు పిల్లలనే వాడిండ్రు. వానకు తడిసిన మక్కలు మార్కెట్‌ల పోలేదని "బాతులకైనా వేద్దాం" అనుకుంటం చూడండి, ఆ మాట మానుకోవాలె.

చేతికి అలవాటు చేసుడు కష్టం కాదు, ఓపిక పని. వెంట ఉరికి పట్టుకోవద్దు. పైనుంచి చెయ్యి పెట్టొద్దు, పైనుంచి వచ్చేది గద్ద అని దాని రక్తంల ఉన్నది. నేల మీద కూసొని అరచేతిల నూకలు, కొత్తిమీర, దొరికితే వానపాములు పెట్టి పలకకుండ ఉండండి. రోజూ అదే యాళ్లకు, అదే పిలుపు. వారం పది రోజులల్ల చేతిల తింటది. ఎత్తుకునేటప్పుడు రెక్కలు మూసి రెండు చేతుల మధ్య ఎత్తాలె. కోడిని కాళ్లు పట్టి వేలాడేసినట్టు బాతును వేలాడేస్తే కాలు పోతది, నమ్మకం కూడా పోతది. పిల్లలకు ఈ ఒక్క పద్ధతి నేర్పితే చాలు.

ఇగ అసలు ముచ్చట. మచ్చికైన బాతు మీ వెంట పొలం కాడికి వస్తది. చూసేటోళ్లకు మస్తు ముచ్చట అనిపిస్తది. వీడియోలు తీస్తరు. కానీ ఆ పొలంల ఏమున్నదో బాతుకు తెల్వదు, మీకు తెలుసు.

ఎలుకలకు మనం ఏం పెడతం? నూకలల్ల కొంచెం నూనె, జింక్ ఫాస్ఫైడ్ కలిపి పొట్లాలు కట్టి గట్ల మీద, బొరియల కాడ పెడతం. మీరు నెల రోజులు అరచేతిల ఏం పెట్టి మచ్చిక చేసుకున్నరు? నూకలే. మనిషి పెట్టిన నూకలు మంచియి అని మీరే దానికి నేర్పిండ్రు. బెదురు బాతు ఆ పొట్లం దగ్గరికి పోకుండ తప్పించుకుంటదేమో గానీ, మచ్చికైన బాతు నేరుగ పోయి తింటది. ఇంతకంటే నమ్మకద్రోహం ఇంకోటి ఉన్నదా చెప్పండి?

మొగి పురుగుకు చల్లే గుళికలు కూడా అంతే. కార్బోఫ్యూరాన్ గుళిక పిట్ట కంటికి గింజ లెక్కనే కనపడుతది. చిన్న పిట్టకు ఒక్క గుళిక చాలు. అమెరికాలో పిట్టలు సస్తున్నయని 1990ల మొదట్లనే ఆ గుళికలను దాదాపుగ ఆపేసిండ్రు. ఫోరేట్ గుళికలను మన దేశంల 2020 డిసెంబర్ 31 నుంచి నిషేధించిండ్రు. పాత డబ్బా ఏదన్నా కొట్టం మూలకు మిగిలి ఉంటే ఇయ్యాలనే చూడండి. మోనోక్రోటోఫాస్ కొట్టిన చేను మీద మిడతలు తిన్న గద్దలు 1990లల్ల అర్జెంటీనా దేశంల వేలల్ల సచ్చినయి. మనం కొట్టింది కూడా అదే మందు. మందు కలిపి శుద్ధి చేసిన విత్తనం మిగిలితే గట్టు మీద పారబోస్తం, అది కూడా బాతుకు గింజే.

అందుకని నా మాట ఇది. మచ్చికైన బాతులు ఇంట్ల ఉన్నోళ్లు గుళికలు చల్లిన మడికి ఆ పంట అయ్యేదాకా వాటిని తీసుకపోవద్దు. ఎలుకల మందు పెట్టేటోళ్లు బొరియ లోపల పెట్టి మట్టితోని మూయాలె, మిగిలింది తెల్లారి ఏరి పాతిపెట్టాలె. పక్క పొలమోళ్లకు ముందే చెప్పి పెట్టుకోవాలె: "అన్నా, మందు కొట్టే రోజు ఒక్క మాట చెప్పు, బాతులను దొడ్లనే ఉంచుత." ఈ మాట అడుగుడు సిగ్గు కాదు. అట్ల అడిగే అలవాటు వస్తే బాతులకే కాదు, బర్లకు, గొర్లకు, పోరగాళ్లకు కూడా మంచిదే. ఒకవేళ తిన్నది అనిపిస్తే పసర్లు పోసుకుంట కూసోవద్దు. ఆ మందు డబ్బా పట్టుకొని దవాఖానకు పోండి, లేకుంటే 1962కు ఫోన్ చేయండి.

చెరువు సంగతి కూడా అంతే. కాకతీయులు తవ్విచ్చిన పాఖాల, రామప్ప, లక్నవరం ఉన్న ప్రాంతం మనది, నీళ్లకు కరువు లేదని బాతులను చెరువుల వదిలేద్దామనుకుంటం. చెరువు మీద మత్స్య సొసైటీ వాళ్ల బతుకు ఉన్నది. చేపపిల్లలు వదిలిన కొత్తల బాతులు దిగితే వాళ్లకు నష్టం, కొట్లాట మనకు. వాళ్లను అడగండి. ఎండకాలంల చెరువు ఇంకి మడుగు కుళ్లితే, సచ్చిన చేపల పురుగులు తిన్న బాతుకు మెడ వాలిపోతది, కాళ్లు పడిపోతయి. అప్పుడు ఇంటి కాడ గోలెం నీళ్లే మేలు. నాలుగు బాతులకు పెద్ద చెరువు అక్కర్లేదు, తల ముంచి ఒళ్లు కడుక్కునే తొట్టి చాలు, రోజూ నీళ్లు మార్చాలె. ఆ నీళ్లు కూరగాయ మడికి పారిస్తే ఎరువు.

బాతుకు రోగాలు తక్కువ అంటరు. కోడితోని పోలిస్తే నిజమే. కానీ బాతు ప్లేగు, బాతు కలరా అని రెండున్నయి, టీకాలున్నయి. కలరాకు మూడు నాలుగు వారాలప్పుడు, ప్లేగుకు ఎనిమిది వారాలు దాటినంక వేస్తరు. దవాఖానల అడిగి వేయించండి. బర్డ్ ఫ్లూ ముచ్చట ఇంకా పెద్దది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలల్ల ఏమైందో చూసిండ్రు. కేరళ అలప్పుజలో 2014ల, మళ్ల 2021ల బాతుల మందలకు మందలే చంపాల్సి వచ్చింది. బాతుల ఆ వైరస్ ఒక్కోసారి బయటికి కనపడకుండనే ఉంటది. అసొంటి వార్త రాంగనే బాతులను చెరువుకు పంపుడు బందు చేయాలె, ఒక్కసారిగ సచ్చిపోతే పారేయకుండ, కోయకుండ దవాఖానకు చెప్పాలె. మామూలు రోజులల్ల కూడా బాతును ముట్టుకున్న పిల్లలు సబ్బుతోని చేతులు కడగాలె, ముద్దులు పెట్టుడు వద్దు.

రాత్రి గూడు గట్టిగ ఉండాలె. బాతు కోడి లెక్క చెట్టెక్కదు, నేల మీదనే పండుకుంటది. పిల్లి, ముంగిస, ఊరకుక్కలు దాని కోసమే తిరుగుతయి. నేల మీద పొడి వరిగడ్డి, చుట్టూ సన్న జాలీ, గాలి ఆడే తీరు. బూజు పట్టిన గడ్డి వేయొద్దు, ఊపిరితిత్తులకు పడుతది. బాతు తెల్లవారుజామున గుడ్డు పెడతది కాబట్టి ఎనిమిది తొమ్మిది గంటలకు వదిలితే గుడ్లు గూట్లనే దొరుకుతయి.

"ఇంత కష్టం దేనికి, ఇది పైసలున్నోళ్ల షోకు" అని కొంతమంది అంటరు. ఆ మాట నేను ఒప్పుకోను. బాతు నత్తలను ఏరి తింటది. బర్లకు, గొర్లకు వచ్చే కార్జపు జలగ నత్తల నుంచే వస్తది. దొడ్డి చుట్టూ, కాలువ గట్టున నత్తలు తగ్గితే లాభం ఎవరికి? కొత్త మనిషి వస్తే ఊరు లేచేటట్టు అరుస్తది. గుడ్లు ఎట్లనూ ఉండనే ఉంటయి. అన్నిటికంటే పెద్ద లాభం, పొద్దంత ఫోన్ల తల పెట్టుకునే పోరగాళ్లు పొద్దుగాల లేచి నీళ్లు మారుస్తరు, సాయంత్రం లెక్క పెట్టి గూట్లకు తోలుతరు. ఒక ప్రాణం మన మీద ఆధారపడితే ఎట్లుంటదో బడిల చెప్పరు.

చివరి మాట. ఇది చానామందికి నచ్చకపోవచ్చు. తెచ్చే రోజే ఇంట్ల అందరూ కూసొని ఒక్క మాట తేల్చుకోండి. ఇది కూరకా, ఇంటి మనిషి లెక్కనా? నేను కూర తినొద్దంటలేను. నేనూ తింట. కూరకు పెంచేటోళ్లు అట్లనే పెంచండి, పేర్లు పెట్టొద్దు, పిల్లల చేతిల తినిపించొద్దు. పిల్లలు పేరు పెట్టి, పిలిస్తే వచ్చేటట్టు చేసుకున్నదాన్ని చుట్టాలొచ్చిండ్రని కోస్తే, ఆ పిల్లగాడు ఆ రోజు అన్నం తినడు, పెద్దోళ్ల మాట మీద వాని నమ్మకం అక్కడ్నే తెగుతది. మంచిగ చూసుకుంటే బాతు పదేండ్ల దాకా బతుకుతది. గుడ్లు ఆగిపోయినంక కూడా మేపుత అనుకునేటోళ్లే పేరు పెట్టండి.

మీ ఊర్ల ఎవరన్నా ఇట్ల పెంచుతున్నరా? ఏ జాతి, ఏం మేపుతున్నరు, మందుల నుంచి ఎట్ల కాపాడుకుంటున్నరు? రాయండి, అందరికీ పనికొస్తది. ఎలుకల మందు, గుళికల ముచ్చట మాత్రం బాతులు లేనోళ్లకు కూడా చెప్పండి. బాతులు మీ ఇంట్ల లేకపోవచ్చు, పక్కింట్ల ఉంటయి.

జై కిసాన్.